గిరాకీ పోతదా?

డాక్టర్ ప్రాచీ రాథోడ్ హైదరాబాద్‌లో ఒక సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేశారు. ట్రాన్స్ మహిళ అని తెలిశాక తీసేశారు. రోగుల రాక తగ్గుతుందట. డాక్టర్ రూత్ జాన్ పాల్‌ను చాలా ఆసుపత్రులు అసలు చేర్చుకోనే లేదు. చివరికి 2022లో ఇద్దరికీ ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. నేనుండే మిషిగన్‌లో ఆ వార్త చదివినప్పుడు నాకు సంతోషం కన్నా ముందు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ చదివినవాళ్లకే ఇలా అయితే, వేధింపులు పడలేక పదో తరగతితో బడి మానేసినవాళ్లకు పని ఎవరిస్తారు?

ఈ వివక్ష కొత్తది కాదు. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టర్‌కు ఎక్కించింది. అలా పేరెక్కినవాళ్లు ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకుపోయే వీలుండేది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కాక, తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో! మొన్నమొన్నటిదాకా అది పుస్తకంలో ఉందంటే ఇప్పటికీ మింగుడుపడదు.

మరుసటి ఏడాది డిసెంబరులో, అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని గోషామహల్ పోలీసు మైదానంలో ట్రాన్స్‌జెండర్ల నుంచి ట్రాఫిక్ అసిస్టెంట్లను ఎంపిక చేశారు. 58 మంది పోటీపడితే 44 మంది నెగ్గారు, 39 మంది విధుల్లో చేరారు. పోలీసు రిజిస్టర్‌కు భయపడి బతికినవాళ్ల వారసులు పోలీసు హాజరుపట్టీలో సంతకం పెడుతున్నారు.

ఈ జనవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు వాళ్లలో ఒకామెను అబిడ్స్‌లో చూశాను. నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజులు, నాంపల్లి వైపు బండి కదలడమే గగనం. ఆమె ఒక చేయి అడ్డం పెట్టి బస్సును ఆపి, రెండో చేత్తో ఒక ముసలమ్మను రోడ్డు దాటించింది. ఒక ఆటో అతను "మేడం, జర జల్ది వదులుండ్రి" అని బతిమాలాడు. మేడం వదల్లేదు.

మా బాబాయ్‌కి అక్కడే బట్టల దుకాణం. "ఇలాంటివాళ్లను ఒకరిని కౌంటర్‌లో పెట్టుకోవచ్చు కదా" అన్నాను.

"గిరాకీ పోతది బిడ్డా."

"ఇప్పుడామె చెయ్యెత్తితే ఆగినోళ్లంతా నీ గిరాకే కదా బాబాయ్!"

ఆయన మాట్లాడలేదు. ఆయన మనసు చెడ్డది కాదు. కానీ ప్రాచీని తీసేసిన ఆసుపత్రి చెప్పిన కారణం కూడా ఇదే.

ఇక్కడ మిషిగన్‌లోనే ట్రాన్స్ మహిళ ఏమీ స్టీఫెన్స్‌ను అంత్యక్రియల సంస్థ ఉద్యోగం నుంచి తీసేసింది. 2020 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పేనాటికి ఆమె చనిపోయి నెల దాటింది. మన యాస మీద ఎవరైనా మాట తూలితే హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు రాయడం ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. హైదరాబాద్ ఆఫీసులకు మనుషుల్ని ఎంచే ఇంటర్వ్యూల్లో కూర్చునేదీ మనమే. మన దగ్గరికి ఎందరు ట్రాన్స్ అభ్యర్థుల దరఖాస్తులు చేరుతున్నాయి?

రెజ్యూమెలో ఒక పేరు, మార్కుల మెమోలో ఇంకో పేరు ఉందని ఎవరినీ పక్కనపెట్టొద్దని మా రిక్రూటర్లకు రాశాను. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మన హైదరాబాద్ ఆఫీసులో ఫిర్యాదుల అధికారి ఎవరో చెప్పమనీ అడిగాను. ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా అడుగుతాను.