అంటింపరాని యుత్తరము

మా యమ్మ వ్రాసిన కడపటి కార్డును భద్రపఱుపవలెనని మేము మైదాజిగురుతో నొక పుస్తకమున నంటించితిమి. చిరునామా ప్రక్కను మా పసిదానికై యామె వ్రాసిన రెండు పంక్తులు తరువాతఁ గాని జ్ఞప్తికి రాలేదు. ఊడఁదీయఁబోఁగా నక్షరములు జిగురుతోనే పోయినవి.

నాఁటినుండి మే ముత్తరములకు జిగురు తగిలింపము. పాత శుభలేఖల దళసరి కాగితముపైఁ గార్డు నుంచి, మూలలు గుర్తించి, కార్డు తీసి, గుర్తులకు లోపలగా నాలుగు ఏటవాలు గాట్లు కోసి, కార్డు మూలలను వానిలోఁ జొప్పింతుము. కావలసినపుడు తీసి రెండు ప్రక్కలను జదువవచ్చును. శుభలేఖల యంచుల పూలను కత్తిరించి, మడిచిన కాగితములపై నంటించి, సంక్రాంతికిఁ జుట్టములకుఁ బంపుదుము.

సోదరీమణులారా! పూలకు జిగురు చాలును. ఉత్తరములను గాట్లలోనే నిలుపుఁడు. అమ్మమ్మ యేమని వ్రాసెనని మా యమ్మాయి నేఁడు అడుగుచున్నది. మాకును మాటమాటగా జ్ఞాపకము లేదు.