నలభై అయిదేళ్లకు మళ్లీ పలక

అట్లాంటాకు ఉత్తరాన ఉండే తెలుగువాళ్లలో లేక్ లేనియర్ చూడనివాళ్లు ఉండొచ్చుగానీ, ఆ నీళ్లు తాగనివాళ్లు అరుదు. మన కుళాయిల్లో వచ్చే నీళ్లలో చాలా భాగం ఆ సరస్సువో, దాని దిగువన పారే చాటహూచీ నదివో. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు గుడి, అక్వేరియం, కోకకోలా మ్యూజియం అయిపోయాక నాలుగో ఐటమ్ ఈ సరస్సే. పులిహోర డబ్బాలతో వెళ్లి, చెట్టు కింద దుప్పటి పరిచి, నాలుగు ఫొటోలు తీసుకుని, చీకటి పడకముందే ఇంటికి చేరడం మన ఆనవాయితీ. నీళ్లలోకి దిగేది పిల్లలు. మనం తువ్వాళ్లు పట్టుకుని ఒడ్డున నిలబడతాం. ఇరవై ఏళ్లుగా నేనూ ఆ తువ్వాళ్ల శాఖలోనే ఉద్యోగం చేశాను. కిందటేడు వేసవిలో ఒడ్డు దాటిన సంగతి మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ముందు సరస్సు గురించి నాలుగు మాటలు. ఇది దేవుడిచ్చిన సరస్సు కాదు, ఇంజనీర్లు కట్టింది. అమెరికా సైన్యానికి చెందిన ఇంజనీర్ల దళం 1950లో బ్యూఫోర్డ్ దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి, 1956లో గేట్లు మూసి నీళ్లు నిలబెట్టింది. జార్జియా కవి సిడ్నీ లేనియర్ పేరు పెట్టారు. విస్తీర్ణం దాదాపు 38,000 ఎకరాలు. ఒడ్డు వెంట చుట్టి రావాలంటే 690 మైళ్లు. అంటే మన ఇంటి నుంచి వాషింగ్టన్ డీసీ దాటి పోవచ్చన్నమాట. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో రోయింగ్ పోటీలు జరిగింది గెయిన్స్‌విల్ దగ్గర ఈ నీళ్లమీదే.

ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. పొలాలు, రోడ్లు, వంతెనలు, ఒక కారు రేసుల మైదానం. సుమారు 250 కుటుంబాలు లేచిపోయాయి. ఇరవై దాకా శ్మశానాలను తవ్వి వేరేచోటికి తరలించారు. 2007 కరువులో నీటిమట్టం ఇరవై అడుగులకు పైగా పడిపోయినప్పుడు ఆ రేసు మైదానం గ్యాలరీ మెట్లు బయటపడ్డాయి. అంతకంటే బరువైన కథ ఇంకొకటుంది. మనవాళ్లు వేలమంది ఇళ్లు కొనుక్కున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లజాతివాళ్లను కొట్టి, బెదిరించి, ఇళ్లు తగలబెట్టి తరిమేశారు. ఆస్కార్‌విల్ అనే చోట వాళ్లు వదిలి వెళ్లిన నేలలో కొంత తరవాత ఈ సరస్సులో కలిసింది. 1987లో ఆ కౌంటీలో పౌరహక్కుల ఊరేగింపు జరిగితే రాళ్లతో ఎదురొచ్చారు. ఇవాళ అక్కడ మనం బతుకమ్మ పేర్చుకుంటున్నాం, దసరా చేసుకుంటున్నాం. మన పిల్లలు చదివే బళ్లకు దారి ఎవరు వేశారో తెలుసుకోవడం మన బాధ్యత అని నేననుకుంటాను.

మునిగిన ఊరంటే నాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డు పల్లె. శ్రీశైలం ప్రాజెక్టు కింద వంద దాకా పల్లెలు మునిగాయి. 1981 ఎండాకాలంలో మా ఊరు ఖాళీ చేయించినప్పుడు నాకు ఏడాది. ఎద్దులబండిమీద అమ్మ ఒళ్లో ఉన్నానట. పెద్దవాళ్లు ఇంటి దూలాలు, తలుపులు ఊడదీసుకుని బండికెత్తారు. మా అవ్వ మాత్రం పొయ్యిరాయి ఒకటి తెచ్చుకుంది. కొత్తవూళ్లో ఇల్లు కట్టాక ఆ రాయిమీదే వంట.

ఎండలు ముదిరి రిజర్వాయరు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి పైకి తేలుతుంది. అప్పుడు జనం తిరణాలకు పోయినట్టు పోతారు. మా అవ్వ కూడా వెళ్లేది. కానీ పిల్లలం నీళ్లలో దిగబోతే ఒప్పుకునేది కాదు. "ఆ నీళ్లల్లో మన ఇల్లుండాది రా అబ్బీ. ఇంటిమీద కాలు పెట్టి తొక్కుతారా?" అనేది. దీనికి జవాబు ఏ పిల్లవాడి దగ్గరుంటుంది? అలా నదిని ఆనుకుని పెరిగి కూడా ఈతరాని ఇంట్లో పెరిగాను. ముప్ఫై ఎనిమిదేళ్లకు మా సబ్‌డివిజన్ స్విమ్మింగ్‌పూల్‌లో, ఆరేళ్ల పిల్లల పక్కన, నీళ్లమీద తేలడం నేర్చుకున్నాను.

మా అమ్మాయికి మొన్న పదిహేడు నిండాయి. వచ్చే ఆగస్టుకు కాలేజీకి వెళ్లిపోతుంది. పుట్టినరోజుకు ఏం కావాలమ్మా అంటే, కారు అంటుందేమోనని లోపల లెక్కలు వేసుకుంటున్నాను. "నాన్నా, నాతోపాటు ఒక్కసారి వేక్‌బోర్డింగ్ చెయ్యి" అంది. కారే నయమనిపించింది. మా ఆవిడ అయితే ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయని అడిగింది.

వేక్‌బోర్డ్ అంటే తెలియనివాళ్లకోసం: పడవ వేగంగా పోతుంటే వెనకాల నీళ్లు రెండు పాయలుగా లేస్తాయి. ఆ అలే వేక్. అడ్డంగా నిలబడి రెండు కాళ్లనూ ఒక పలకకు బూట్లలో బిగించుకుని, చేత తాడు పట్టుకుని, ఆ అలమీద జారడమే ఆట. దీని తాత వాటర్ స్కీయింగ్. 1922లో మిన్నెసోటాలోని లేక్ పెపిన్‌లో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు రెండు చెక్కలు కట్టుకుని మొదలుపెట్టాడు. 1985లో శాన్‌డియాగో సర్ఫర్ టోనీ ఫిన్ సముద్రపు అలలతో పనిలేకుండా పడవ వెనక సర్ఫింగ్ చేసేందుకు 'స్కర్ఫర్' అనే పలకను తెచ్చాడు. అది మరీ తేలిపోయేది, ఎక్కడం కష్టం. 1990లో హెర్బ్ ఓబ్రయన్ కంపెనీ నీళ్లలో తేలీ తేలనట్టుండే 'హైపర్‌లైట్' పలకను తెచ్చాక ఆట అందరికీ అందింది. మన భాషలో చెప్పాలంటే వెర్షన్ వన్ పవర్ యూజర్లకు, వెర్షన్ టూ జనానికి.

సెప్టెంబరులో ఒక శుక్రవారం సెలవు పెట్టాం. వీకెండ్ అయితే సరస్సు మన హైటెక్ సిటీ సిగ్నల్‌లా ఉంటుంది. పొద్దున్నే నీళ్లు అద్దంలా ఉంటాయి, నేర్చుకునేవాళ్లకు అదే మేలు. మా గురువుగారికి ఇరవై రెండేళ్లు. కాలేజీ చదువుతూ పాఠాలు చెప్పే అమ్మాయి. నాకు ప్రాజెక్టు ప్లాన్లు చెప్పే మేనేజర్లందరికంటే స్పష్టంగా చెప్పింది.

మొదటి పరీక్ష గడ్డిమీదే. కళ్లు మూసుకుని నిలబడమని, వెనకనుంచి మెల్లగా తోసింది. ఏ కాలు ముందు పడితే అది పలకమీద ముందుండాలి. ఎడమకాలు ముందైతే రెగ్యులర్, కుడికాలైతే గూఫీ. నేను గూఫీ. మా అమ్మాయి ఆ మాటకు ఐదు నిమిషాలు నవ్వింది. తరవాత గడ్డిలోనే తాడు పట్టించి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోబెట్టి, తాను తాడు లాగుతుంటే లేవడం ప్రాక్టీసు చేయించింది. బూట్లకు సబ్బునీళ్లు పోస్తేగాని పాదం దూరదు. ఉంగరం తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఎంత భద్రంగా దాచిందంటే నాకు కొంచెం అనుమానం వచ్చింది.

నీళ్లలోకి దిగాక సూత్రం వినడానికి చాలా తేలిక. లైఫ్‌జాకెట్ మనల్ని తేలుస్తుంది. వెల్లకిలా ఉండి, మోకాళ్లు ఛాతీకి ముడిచి, పలకను పడవకు అడ్డంగా ముందుంచాలి. చేతులు చాచి, మోకాళ్లకు అటూ ఇటూ పెట్టి తాడు పట్టుకోవాలి. పడవ లాగితే నీళ్ల ఒత్తిడి పలక అడుగును తోస్తుంది. పిరుదులు మడమలమీదికి వస్తాయి. అప్పుడు మెల్లగా లేచి, ముందుకాలిని పడవవైపు తిప్పాలి. చెయ్యకూడనివి రెండే: తాడును మనవైపు లాక్కోకూడదు, తొందరపడి లేవకూడదు.

వినడం వేరు. మొదటిసారి పడవ కదలగానే ముందుకు బోర్లాపడి, గొంతుదాకా లేనియర్ తాగాను. రెండోసారి పలక నీళ్లలోకి గుచ్చుకుంది. మూడోసారి తాడు చేతిలోంచి పోయింది. పడిన ప్రతిసారీ రెండు చేతులూ పైకెత్తి చూపించాలి, బాగానే ఉన్నానని అర్థం. పడవ చుట్టూ తిరిగి తాడు అందిస్తుంది. ఆ తిరిగొచ్చే నిమిషమే అసలు పరీక్ష. ఇంజను చప్పుడు దూరమవుతుంది. పెద్ద నీళ్ల మధ్య మనం, మన మెడదాకా ఉన్న జాకెట్. కింద ఎంత లోతో కనపడదు. ఆనకట్ట దగ్గరైతే 150 అడుగులు దాటుతుంది. నాలుగోసారి పడ్డప్పుడు అలా తేలుతూ ఉంటే కాళ్లకింద ఏముందో అన్న ఆలోచన వచ్చింది. ఏ ఇంటి గడప? ఎవరి పొయ్యిరాయి? అవ్వ మాట చెవిలో వినపడి, నిజం చెప్పొద్దూ, ఇక చాలు పడవెక్కేద్దామనుకున్నాను.

అప్పుడు పడవలోంచి మా అమ్మాయి అరిచింది. "నాన్నా, నువ్వు లేవాలని చూస్తున్నావు. లేవకు. అది లేపుతుంది." గురువుగారు కూడా అదే చెప్పింది, వేరే మాటల్లో. పాతికేళ్లుగా సర్వర్లు పడిపోతే లేపడమే నా వృత్తి. ఎవరో నన్ను లేపుతారని ఊరుకోవడం అలవాటు లేని పని.

అయిదోసారి సగం లేచాను. ఆరోసారి చేతులు చాచి, మోకాళ్లు ముడిచి, ఊరికే ఉన్నాను. నీళ్లు పలకను నొక్కాయి, నొక్కాయి, ఒక్కసారిగా బరువు తేలిపోయింది. చూస్తే నిలబడి ఉన్నాను. వేగం గంటకు 17 మైళ్లట. మన బళ్లో నలుగురు హారన్ కొట్టే వేగం. నీళ్లమీద అది రైలువేగం. పలక కింద సర్రుమని, కొత్త చీర చింపినట్టు చప్పుడు. ఇరుపక్కలా పైన్ చెట్లు, ఎర్రమట్టి ఒడ్డు. ఆ మట్టి రంగు అచ్చం మా ఊరిది. లెక్కపెట్టిన మా ఆవిడ పదకొండు సెకన్లంది. నాకైతే ఒక పూటలా అనిపించింది. ఆ పూట కింద ఎవరింటిమీదా కాలు పెట్టినట్టనిపించలేదు. అంత నీరు నన్ను మోస్తోందని మాత్రం తెలిసింది. మధ్యాహ్నానికి రెండు నిమిషాలు నిలబడగలిగాను. అలను దాటి గెంతడాలు మా అమ్మాయికి వదిలేశాను.

ఆ రాత్రి కర్నూలుకు ఫోను చేసి అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మీ అవ్వ ఉంటే తిట్టేది నాయనా" అంది. మళ్లీ తనే, "తిట్టి, లోపలేమన్నా కనపడిందా అని అడిగేది" అంది.

"ఏం కనపడలేదమ్మా. నీళ్లు పచ్చగా ఉన్నాయి."

"మన నీళ్లూ అట్లనే ఉంటాయిలే," అంది.

ఇక వెళ్లాలనుకునే వాళ్లకు నాకు తెలిసిన నాలుగు జాగ్రత్తలు. ఈత రాకపోయినా కనీసం జాకెట్‌తో భయపడకుండా తేలడం ముందు పూల్‌లో నేర్చుకోండి. జాకెట్ కోస్ట్‌గార్డ్ ఆమోదించినదై, ఒంటికి బిగుతుగా ఉండాలి. నడుం, మోకాళ్లు, గుండె సంగతులుంటే డాక్టరును అడగండి. మొదటిసారి తాడు పొట్టిగా, వేగం తక్కువగా ఉంచమనండి. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని. ఒడ్డుకు దగ్గర్లో మునిగిన చెట్ల మొదళ్లుంటాయి, తెలిసినవాళ్లు నడిపే పడవే ఎక్కండి. మర్నాడు ముంజేతులు దోసె తిప్పడానికి కూడా రావు, సోమవారం మీటింగులు పెట్టుకోకండి.

ఇంకొక సంగతి. జార్జియాలో మనిషిని లాగే పడవలో నడిపేవారు కాక వెనక్కి చూస్తుండే మనిషి ఇంకొకరు ఉండాలి, లేదా వెడల్పాటి అద్దం ఉండాలి. ఆ మనిషికి కనీసం పన్నెండేళ్లు నిండాలి. వచ్చే జూన్‌లో, అమ్మాయి కాలేజీకి వెళ్లేలోపు, మా అమ్మ వస్తోంది. ఆవిడకు డెబ్బై రెండు. "ఒడ్డున కూర్చునేది ఎందుకు, పడవలోనే కూర్చుంటా" అంది. అద్దం అక్కర్లేదని గురువుగారికి చెప్పేశాను.