లోనార్ గ్రహం మీద మేం

దీపావళి సెలవులకు షోలాపూర్ నుంచి బుల్ఢాణా జిల్లా లోనార్ పోయినం. ఎస్టీ బస్సే మా రాకెట్టు. "తాతా, వేరే గ్రహం మీద దిగినం, సర్వే చెయ్యాలె" అన్నడు మనవడు. వాడు కెప్టెన్, నేను సిపాయి.

వాడనేది మరీ అబద్ధమేం కాదు. ఉల్క వచ్చి నల్లరాతి నేలను గుద్దితే పడ్డ గుంట అది. అడ్డం సుమారు 1.8 కిలోమీటర్లు. చంద్రుడి మీది గుంటలతో పోల్చడానికి శాస్త్రవేత్తలు దీన్ని చూస్తరు. అడుగున ఉప్పు చెరువు. 2020 జూన్‌లో, ఉప్పులో బతికే సూక్ష్మజీవుల వల్ల, నీళ్లు గులాబీ రంగుకు తిరిగినయి. అచ్చం మా మిల్లు రంగు ఖాతా కాలువ లెక్క!

సగం దిగేసరికి సిపాయి మోకాళ్లు సమ్మె చేసినయి. వెనక్కి ఎక్కినం.

గట్టు మీద సీతాఫలాలమ్మే ముసలమ్మ మా మాటలు విని, "ఎక్కడోళ్లు?" అని మరాఠీలో అడిగింది.

"షోలాపూర్."

"మరి ఆ భాష?"

"తెలుగు. మా తాత మిల్లు పనికొచ్చిండు."

కెప్టెన్ నోటుబుక్కులో రాసుకున్నడు: 'ఇక్కడ మనుషులున్నరు. మననే వేరే గ్రహపోళ్లు అనుకుంటున్నరు.' చదివి నవ్విన. కానీ రాసింది మరాఠీలో. తెలుగు అక్షరాలు వానికి రావు.

తిరుగు బస్సులో ఆఖరి పేజీ మీద అ, ఆ రాసిచ్చిన.