బాదమాకు వెనుక ముఖము

కోనసీమలో గోదావరి పాయ నొకదానిని పంటుమీద దాటి, కొబ్బరితోటల నడుమ గట్టువెంబడి నడచి, నేను పుట్టిపెరిగిన లంకలోని మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలను చేరునప్పటికి, ఉదయపు ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు పోవుచుండిరి. ఆ దృశ్యము కన్నులకింపై తోచగా, బడి పేరు వ్రాసిన గోడ కనబడునట్లు నలుగురు పిల్లలను నిలువబెట్టి నా ఫోనులో ఒక ఫొటో తీసి, బాల్యమున అచ్చటనే చదివి యిప్పుడు అమెరికాలోనున్న నా తమ్మునికి అప్పుడే పంపితిని.

ఐదవ తరగతిలో ఆనాటి పాఠము ఆకులు. ఒక్కొక్కరు ఒక్కొక్క యాకు తెచ్చి బల్లపై పరచి, వంతులవారీగా టీచరు ఫోనుతో ఫొటో తీయుచుండగా, అవి క్షణములో ఆన్‌లైన్ ఆల్బమునకెక్కి, గోడనున్న స్మార్ట్ టీవీపై పెద్దవై నిలుచుచుండెను. అరటియాకు ఈనెలు సమాంతరముగా సాగుటయు, రావియాకు ఈనెలు వలవలె నల్లుకొనుటయు పుస్తకములో చూచి వల్లించుట వేరు. తన చేతితో తీసిన చిత్రములో, పురుగు తొలిచిన రంధ్రముతోసహా చూచుట వేరు. వాచకము చదువుటకు తడబడు నొక బాలిక ఆ రంధ్రమును గూర్చి అనర్గళముగా మాటాడినది. ఇట్టి సాధనమును బడికి దూరము చేయవలెనని యెవరైన ననినచో నేను అంగీకరింపజాలను.

అయితే ఆ ఆల్బములో ఆకులు, చేతులు, పలకలు తప్ప ఒక్క ముఖమైనను లేదు. కారణ మడుగగా, నా చిన్ననాటి మిత్రుని కుమార్తెయగు ఆ టీచరు తన పాత ఆల్బమును తెరచి చూపెను. అందు ఒక పిల్ల ముఖముపై వ్రేలుంచినంతనే, ఒకటవ తరగతినాటి పళ్లూడిన నవ్వు మొదలు ఐదవ తరగతినాటి రెండు జడల వరకు ఆమె చిత్రములన్నియు వరుసగా వచ్చి నిలిచినవి. "నేనెక్కడా పేరు రాయలేదు బాబాయిగారూ, ముఖాలు అదే గుర్తుపట్టి ఒకచోట చేర్చేసింది" అనెను. మరియొక చిత్రమును పైకి జరుపగా, తీసిన తేదీయు సమయమును, వాని క్రింద పటముమీద ఈ బడియు కనబడెను. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినచో ఆ వివరములు రాలిపోవుననియు, డాక్యుమెంటుగా పంపినచో చిత్రముతోడనే పోవుననియు చెప్పి, ఫోనులో లొకేషన్ ఆపుట యెట్లో నాకు చూపినది.

ఆమెకు ఈ జాగ్రత్త నేర్పినది చట్టము కాదు, ఒక తల్లి. భర్త పెట్టు హింస భరింపలేక బిడ్డతో ఇచ్చట తలదాచుకొన్న ఆమె, అందరికి కనబడునట్లు పెట్టిన జెండావందనపు ఫొటోలలో తన కొడుకున్నాడని తెలిసి, సాయంకాలము పరుగున వచ్చి, "టీచరమ్మా, మా వాడి బొమ్మ తీసెయ్యమ్మా, ఆ మనిషి చూస్తే మేమెక్కడున్నామో తెలిసిపోద్ది" అని గుమ్మమువద్ద కూలబడినదట. ఊరి పేరు నేను వ్రాయకుండుటకు కారణ మదియే.

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన వ్యాజ్యములో, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కని నిర్ణయించినది. 2023నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి వివరములను వాడుకొనవలెనన్న తలిదండ్రుల అనుమతి, అదియు సరిచూడదగిన అనుమతి, కావలెననినది. మంచిదే. కాని ఆ తల్లి కథలో తండ్రియు నొకడు కలడు గదా! బిడ్డ మాట యెవరు విందురు?

ఈ టీచరు ఫోనెత్తుటకు ముందు "తియ్యనా?" అని బిడ్డనే అడుగును. నా యెదుటనే ఒక బాలుడు "వద్దు టీచర్" అనెను; ఆమె మారుపలుకక ఫోను దించినది. కొంతసేపటికి వాడే ఆవరణలో రాలిన పెద్ద బాదమాకు నొకదానిని తెచ్చి, ముఖమున కడ్డముగా పట్టుకొని, "ఇప్పుడు తియ్యండి" అని నిలిచెను.

అప్పుడు నా ఉదయపు ఫొటో జ్ఞప్తికి వచ్చినది. ఆ నలుగురిలో నొక్కరినైన నేను అడిగియుండలేదు. వెనుక గోడమీద ఊరి పేరు స్పష్టముగా నున్నది. ఆ తల్లి కొడుకు వారిలో కలడా యని అడుగగా, టీచరు ఫొటో చూచి, ఎడమవైపు చివరివానిని చూపినది. పంటురేవున నిలిచి దానిని నా ఫోనునుండి తుడిచి, తమ్ముని తుడువుమని వ్రాసితిని. తుడిచితిననియు, కాని ఉదయమే దానిని మన ఊరివారి గ్రూపులో పెట్టితిననియు రాత్రి జవాబు వచ్చినది. ఆ గ్రూపులో 86 మంది కలరు.