ఆ కవర్‌ని పిజ్జా కూపన్లతో పాటు పడేశాను

డాలస్‌లో మా పోస్ట్ బాక్స్ తెరిస్తే సగం పిజ్జా కూపన్లు, సగం క్రెడిట్ కార్డ్ ఆఫర్లు. 2025 జనవరి చివర్లో వచ్చిన ఆ కవర్‌ని కూడా వాటితోపాటే చెత్తబుట్టలో పడేశాను.

ఫిబ్రవరిలో ట్యాక్స్ ఫైల్ చేశాం. రీఫండ్ 2,600 డాలర్లని కనిపించగానే గుంటూరు అమ్మకి ఫోన్ చేసి "జూన్‌లో వస్తున్నాం" అని చెప్పేశాను. మర్నాడే రిటర్న్ రిజెక్ట్! 8962 ఫారం లేదట.

విషయం ఏంటంటే, మా ఆయన పనిచేసే చిన్న కంపెనీలో ఇన్సూరెన్స్ లేదు. అందుకే 2024కి ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ తీసుకున్నాం. నెలకు ప్రీమియం 820 డాలర్లు. ఏడాదికి 62 వేలు సంపాదిస్తామని అంచనా రాస్తే, అందులో 490 ప్రభుత్వమే నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీకి కట్టింది. అది డిస్కౌంట్ అనుకున్నా. కాదు, ముందుగా ఇచ్చిన ట్యాక్స్ క్రెడిట్. ఏడాది చివర లెక్క తేల్చాల్సిందే. సాఫ్ట్‌వేర్ "మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్స్ ఉందా?" అని అడిగితే, అదేదో వేరే అనుకుని 'నో' కొట్టేశాను.

నేను పడేసిన కవర్లో ఉన్నది 1095-ఎ. అదృష్టం, మార్కెట్‌ప్లేస్ అకౌంట్లో కూడా దొరికింది. నెలవారీ ప్రీమియం, మా ఏరియాలో రెండో చవక సిల్వర్ ప్లాన్ ధర, ప్రభుత్వం కట్టిన మొత్తం... మూడు వరుసల అంకెలు. వాటిని 8962లో వేస్తే అసలు కథ బయటపడింది. ఏప్రిల్లో నాకు డే కేర్‌లో పని దొరికింది. దాంతో మా ఆదాయం 74 వేలైంది. ఆ సంగతి మార్కెట్‌ప్లేస్‌కి చెప్పనే లేదు. ఎక్కువ తీసుకున్న 1,890 డాలర్లు వెనక్కి కట్టాలి. 2,600 కాస్తా 710 అయింది.

జరిమానా కాదు, మనం ముందే వాడేసుకున్న డబ్బే. అయినా మనసు చివుక్కుమంది.

"పోన్లేవే, సంక్రాంతికి రండి" అంది అమ్మ. ఆ గొంతులో నిరాశ నాకు తెలుసు.

మీరూ మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌లో ఉంటే ఒక్కటి చేయండి. జీతం పెరిగినా, ఉద్యోగం మారినా, పెళ్లయినా ఆ వారమే అకౌంట్లో అప్‌డేట్ చేయండి. ఇంతకుముందు ఆదాయం ఓ స్థాయి దాటకపోతే వెనక్కి కట్టేదానికి పరిమితి ఉండేది. 2026 సంవత్సరం లెక్కల నుంచి అదీ లేదు. ఎంత ఎక్కువ తీసుకుంటే అంతా కట్టాల్సిందే.

ఇప్పుడు నేను పిజ్జా కూపన్లు కూడా విప్పి చూసే పడేస్తున్నా.