చేదుకు ఒకటి, వాసనకు ఒకటి

మా గూడెంలో సారా మాట ఎత్తితే రెండే సంగతులు వినబడతాయి. తాగి ఎవరు చెడిపోయారనేది ఒకటి, ఎవర్ని పట్టుకుపోయారనేది ఇంకొకటి. రెండూ నిజమే. నేను బడిపంతుల్ని. పొద్దున హాజరు వేసేటప్పుడు ఏ పిల్లోడు రాత్రంతా నిద్రపోలేదో మొహం చూస్తే తెలుస్తుంది. ఎందుకో కూడా తెలుస్తుంది. అయినా మూడో సంగతి ఒకటి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. ఇప్పపువ్వును మా ఆడవాళ్లు ఎట్లా ఎంచేవాళ్లు, దానికి ఏ చెక్క జత చేసేవాళ్లు అనేది.

దాని మీదకు నా మనసు మళ్లింది మా అక్క కొడుకు వల్ల. వాడు బెంగళూరులో, బీరును అక్కడికక్కడే తయారుచేసి పోసే ఒక హోటల్లో పనిచేస్తాడు. మొదట తొట్లు కడిగేవాడు, ఇప్పుడు కాచేచోట చేయి సాయం. శివరాత్రికి మహానంది తిరునాళ్లకు వచ్చినప్పుడు ఒక పొట్లంలో ఆకుపచ్చ గుళికలు తెచ్చాడు. "హాప్స్ మామా. బీరుకు చేదు వీటితోనే" అన్నాడు.

హాప్స్ అంటే తీగ మొక్క. ఆడ తీగకు పొలుసులు పొలుసులుగా పువ్వు వస్తుంది, లోపల పసుప్పచ్చటి పొడి ఉంటుంది. గంజాయి కుటుంబమే గానీ మత్తు దానిది కాదు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. మొలకెత్తించిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి తీసిన రసం తియ్యగా ఉంటుంది. ఆ తీపిని నిలదీయడానికి ఈ చేదు కావాలి, రసం చెడిపోకుండా కూడా ఇదే కాపాడుతుంది. గంటసేపు ఉడికితే చేదంతా దిగుతుంది గానీ వాసన ఆవిరైపోతుంది. దించేముందు వేస్తే వాసన నిలుస్తుంది, చేదు అంతగా దిగదు. అందుకని చేదుకు ఒక రకం, వాసనకు ఇంకో రకం. పేల్ ఏల్ అనే లేతరంగు బీరులో ఆ జత కుదర్చడమే అసలు పని. అమెరికాలో 1972లో వచ్చిన కాస్కేడ్ అనే రకానికి పంపరపనస వాసన. సిమ్కోకు దేవదారు బంక వాసన, సిట్రాకు మాగిన మామిడి వాసన. "మూడూ సమానంగా గుమ్మరిస్తే ఏదీ తెలీదు మామా. ఒకటి ముందుండాల, ఇంకోటి ఎనక నిలబడాల" అన్నాడు వాడు.

అమ్మ ఆ గుళికల్ని అరచేతిలో నలిపి వాసన చూసింది. "బాగుందిరా, పంపరపనస తొక్క మాదిరి. మరి తుమ్మచెక్క పని ఏది చేస్తాది?" అంది.

నాలుగు పుస్తకాలు తిరగేసినా అంత సూటి ప్రశ్న దొరకదు. తెల్లతుమ్మ చెక్కను హిందీవాళ్లు షరాబ్ కీ కీకర్ అంటారు, చెట్టు పేరులోనే సారా ఉంది. బెల్లంతోనో కల్లుతోనో సారా కాచే చోట్ల ఆ చెక్క వేయడం పాత అలవాటు. దానిలోని వగరు పులుస్తున్న నీళ్లలోని మడ్డిని ముద్ద కట్టించి అడుక్కి దించుతుంది. మావాడు పట్టువదల్లేదు. "కాస్తే వగరు ఆవిరితో పైకి రాదు కదవ్వా, ఇంక రుచికేం పనికొచ్చె?" "రుచికని ఎవరన్నార్రా? పులిసేటప్పుడు కావాల. చెక్క లేకపోతే పులుపు తిరిగిపోతాది" అంది అమ్మ. హాప్స్‌ది చేదు, తుమ్మది వగరు. నాలుక మీద రెండూ వేరే. కుండలో చేసే కాపలా మాత్రం ఒకటే.

ఇక పువ్వు. వేసవి మొదట్లో తెల్లారకముందే ఇప్పపువ్వు రాలుతుంది. ఎండితే బరువులో సగం దాకా చక్కెరే. ఎలుగుబంటికీ అదే ఇష్టం, అందుకే ఏరడానికి ఒంటరిగా పోరు. అమ్మ లెక్కలో పువ్వంతా ఒకటి కాదు. వాగు గట్టు చెట్టు పువ్వు లావుగా ఉంటుంది, నీరెక్కువ. రాతినేల చెట్టుది చిన్నది, తీపి గట్టిది. వాన తడిసింది ఏ చెట్టుదైనా పక్కకే, అది మురుగు వాసన పట్టుకుంటుంది. వాగుదాన్నీ రాతిదాన్నీ విడివిడిగా ఎండబెట్టి, తర్వాత రాతిదాన్ని ఎక్కువగా, వాగుదాన్ని తక్కువగా కలిపేది. మేనల్లుడు చెప్పిన ముందూ వెనకా లెక్క ఇదే.

తెల్లోడు ఇండియాకు ఓడల్లో పంపుకున్న బీరులో, నెలల ప్రయాణంలో చెడకుండా హాప్స్ ఎక్కువ వేసుకున్నాడు. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు అట్లా వచ్చిందే. కర్నూలు 1839లో వాళ్ల చేతికి పోయింది, 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. బొంబాయి వైపు 1892లో ఇప్పపువ్వు మీదే చట్టం చేశారు. అదే అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవచ్చని 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాడు. ఇప్పుడు అక్కడ ఇళ్లలో జనం గ్రాముల్లో తూచి హాప్స్ జతలు రాసుకుంటున్నారు.

దీన్ని చూపించి మాకూ కాచుకోనివ్వండి అని నేను అడగడం లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు వాళ్లదే న్యాయం. మా గూడెంలో ఓటు పెట్టినా ఆడవాళ్లు అదే చెబుతారు. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల మీద గ్రామసభకు అధికారం ఇచ్చింది గానీ అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే. కృష్ణకు అవతలి అమ్రాబాద్ చెంచులకు ఆ లెక్క ఉంది, ఇవతలి మాకు లేదు. మధ్యలో ఉన్నది ఒక నది!

నన్ను కలవరపెట్టేది వేరే. ఇప్పుడు దొంగచాటుగా వచ్చే నాటుసారాలో పువ్వూ లేదు, చెక్కా లేదు. బెల్లం, నవసాగరం, యూరియా. రెండు రోజుల్లో సిద్ధం, మనిషి కూడా అంత తొందరగానే పోతాడు. ఎంచడం పోయి తాగడం ఒక్కటే మిగిలింది. పువ్వును సారాకే కాదు, ఉడకబెట్టుకుని తినడానికీ ఎంచేవాళ్లు. కాయల నుంచి నూనె తీసేవాళ్లు. ఆ ఎంపిక చేసే ముక్కు, ఆ నాలుక మా పిల్లలకు రాకుండా పోతే పోయిందేమిటో కూడా వాళ్లకు తెలీదు.

అందుకని అమ్మ చెప్పింది ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. చెట్టు, నేల, పువ్వు రంగు, ఎండిన రోజులు, ఏది ఎంత పాలు. చెక్క దగ్గరికి వచ్చేసరికి "పిడికెడు" అంటుంది. ఎవరి పిడికెడు అంటే తనదే చూపిస్తుంది. తూకంలో పెడదామంటే నవ్వుతుంది.

పోయిన వేసవిలో నాలుగో తరగతి పిల్లల్ని పువ్వు తెమ్మన్నాను. బల్ల మీద ఐదు కుప్పలు. కళ్లు మూసుకుని వాసన చూసి చెప్పండి అన్నాను. ఎక్కువమంది అన్నీ ఒకటే సార్ అన్నారు. ఒక పాప మాత్రం మూడో కుప్ప దగ్గర ఆగి, "ఇది వాన తడిసింది సార్" అంది.