వాగు దారి తెలిసినవాళ్లు

ప్లాంటు పేరు రాయకూడదన్న షరతు మీద లోపలికి రానిచ్చారు. గోదావరిలో కలిసే ఒక వాగు పక్కన ఉంది, బొగ్గుతో నడుస్తుంది, అంతవరకు చెప్పొచ్చన్నారు. ఆయిల్ ఒలికి అప్పటికి వారం తిరగలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నేను వచ్చిన పని ఏమని రాయాలో తేల్చుకోలేక కాసేపు పెన్ను ఆడించి, రిజిస్టర్‌లో ‘జనరల్’ అని రాసుకున్నాడు. హెల్మెట్ ఇచ్చి లోపలికి పంపాడు.

బొగ్గు ప్లాంటుకు ఆయిల్‌తో ఏం పని అనిపించొచ్చు. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు బొగ్గు పొడి ఊదితే అంటుకోదు. ముందు ఆయిల్ బర్నర్లు వెలిగించి, లోపల బాగా కాగాక బొగ్గు మిల్లులను ఒక్కొక్కటిగా కలుపుతారు. లోడు బాగా దించినప్పుడు మంట కొండెక్కకుండా ఆసరా మళ్లీ ఆయిలే. ఇందుకోసం రెండు రకాలు నిల్వ ఉంచుతారు: పల్చగా పారే లైట్ డీజిల్ ఆయిల్ (ఎల్‌డీఓ), చిక్కటి ఫర్నేస్ ఆయిల్. ఫర్నేస్ ఆయిల్‌ను పైపులో కదిలించాలంటేనే ఆవిరి గొట్టాలు చుట్టి వేడి చేయాలి. కింద పడితే చల్లారి ఇంకా చిక్కబడుతుంది, తొందరగా పారదు. ఎల్‌డీఓ అలా కాదు, పడ్డ క్షణం నుంచే పల్లం వెతుక్కుంటుంది. ఇక్కడ ఒలికింది అదే.

ఎంత ఒలికిందంటే ఆరేడు వందల లీటర్లన్నాడు నా వెంట వచ్చిన ఇంజనీరు. ట్యాంకర్ బిల్లులో రాసినదానికీ, ట్యాంకులో డిప్ కొలతకూ తేడా తీసి కట్టిన లెక్క. డ్రమ్ముల్లో చెప్పాలంటే మూడు, మూడున్నర.

రాత్రిపూట, వానలో, ట్యాంకర్ నుంచి ఆయిల్ దించుతుండగా హోస్ కప్లింగ్ ఊడింది. డ్రైవరు పరిగెత్తి వాల్వు కట్టేసేలోపు కారినంత కారింది. అన్‌లోడింగ్ గచ్చుకు చుట్టూ చిన్న గట్టుంది, మూలన గుంట ఉంది. అయితే గుంట అప్పటికే వాన నీళ్లతో నిండిపోయింది. ఆయిల్ ఆ నీళ్ల మీద తేలి, గట్టు దాటి, వాన కాలువలో పడింది.

ట్యాంకుల చుట్టూ ఉండే డైక్ గోడ దగ్గర మాత్రం నన్ను చాలాసేపు నిలబెట్టారు. లోపలున్న పెద్ద ట్యాంకు మొత్తం కారినా బయటికి పోకుండా పట్టేలా కట్టిన గోడ అది. దానికో డ్రెయిన్ వాల్వు, ఎప్పుడూ మూసే ఉండాలి. వాన నీళ్లు నిలిస్తే, పైన ఆయిల్ లేదని కళ్లతో చూసుకున్నాకే తెరవాలి. వాల్వుకు తాళం ఉంది, తాళానికి రిజిస్టర్ ఉంది, రిజిస్టర్‌లో సంతకాలున్నాయి. అంతా సవ్యంగా ఉన్న చోటు కాబట్టే అంతసేపు చూపించారని తర్వాత అర్థమైంది. పెద్ద ప్రమాదానికి సిద్ధమై కూర్చున్న గోడ లోపల ఒక్క చుక్క పడలేదు. ప్రమాదం దాని పక్కనే, రబ్బరు గొట్టం దగ్గర జరిగింది.

కంట్రోల్ రూమ్ పక్క గదిలో డ్రెయిన్ల డ్రాయింగ్ గోడకు అతికించి ఉంది. వాన కాలువలన్నీ నీలి గీతలై ఆయిల్ వాటర్ సెపరేటర్ దగ్గరికి చేరుతున్నాయి. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లంతా అక్కడికే పరిగెత్తారు. చూస్తే సెపరేటర్‌లో ఆయిల్ జాడే లేదు. ఒకవైపు వాన, మరోవైపు ఫోన్లు. చివరికి కాలువల్లో పూడిక తీసే కాంట్రాక్టు మేస్త్రీని బస్తీ నుంచి లేపుకొచ్చారు. ఆయన టార్చి తీసుకుని సెపరేటర్ వైపు కాదు, దానికి ఎదురు దిక్కు నడిచాడట.

“కన్వేయర్ కింద రోడ్డు ఎత్తు చేసిండ్రు సారూ. అప్పటిసంది ఈ కాల్వ ఉల్టా పారుతది. వానొచ్చినప్పుడల్లా మేం చూస్తనే ఉంటం.”

“మరి ఎవరికీ చెప్పలేదా అన్నా?”

“ఎవలడిగిండ్రు?”

ఇంజనీరు ఆ మాట విని నవ్వాడు గానీ, ఏమీ అనలేదు. అక్కడున్నంతసేపూ నాకు బోధపడింది ఇదొక్కటే: ఆయిల్ వెనక పరిగెత్తడం దండగ, నీళ్ల దారి తెలిసినవాడు ముందుకెళ్లి కాచుకోవాలి. ఆ దారి ఉండాల్సింది డ్రాయింగ్‌లో. ఉన్నది మాత్రం నెలకు ఇంతని కూలికి పూడిక తీసే మనిషి కాళ్లలో.

కాలువ వాగులో కలిసేచోట, తుమ్మచెట్ల కింద, ఇసుక బస్తాల కట్ట వేశారు. మోకాలెత్తు కూడా లేదు. దగ్గరికెళ్లి చూస్తేనే అందులో పనితనం తెలుస్తుంది. బస్తాల మధ్యలోంచి రెండు పీవీసీ పైపులు ఏటవాలుగా పోయాయి. ఎగువ మూతి నీటి అడుగున మునిగి ఉంటుంది, దిగువ మూతి పైకి లేచి ఉంటుంది. నీళ్లు అడుగు నుంచి పైపులో దూరి అవతలికి పోతాయి. తేలే ఆయిల్‌కు దారి లేక కట్ట వెనకే ఆగుతుంది. దిగువ మూతి ఎంత ఎత్తున ఉంటే ఎగువన నీళ్లు అంత మట్టాన నిలుస్తాయి, కిటుకంతా ఆ ఎత్తులోనే ఉంది. మూతి మరీ దిగితే మట్టం పడిపోయి, పైనున్న ఆయిల్‌ను కూడా పైపు గుంజేస్తుంది. మరీ లేస్తే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి, ఆయిల్‌తో సహా. అందుకని దిగువ మూతి కింద ఒక రాయి. వాన ముదిరితే రాయి తీస్తారు, తెరిపిస్తే మళ్లీ పెడతారు. పైపుల ఆలోచన ఇంజనీరుది, ఏదో శిక్షణలో చూశాడట. రాయి మేస్త్రీది.

కట్ట దిగువన కూడా నీటి మీద హరివిల్లు రంగులు కదులుతున్నాయి. కట్ట పని చేయలేదని ఊళ్లో గొడవైంది కూడా. కానీ రంగులు తేలడానికి కొంచెం ఆయిలే చాలు. ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలు విమానంలోంచి చూసి ఆయిల్ ఎంతుందో అంచనా కట్టడానికి బాన్ ఒప్పందపు రంగుల పట్టిక ఒకటి వాడతాయి. దాని ప్రకారం హరివిల్లు రంగులు కనిపించే పొర మందం 0.3 నుంచి 5 మైక్రాన్లు. అంటే ఎకరం చెరువంతా రంగులు తేలాలంటే లీటరుంపావు ఆయిల్ చాలు. వెండి మెరుపు మాత్రమే కావాలంటే 160 మిల్లీలీటర్లతో సరి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలోనే లండన్ దగ్గర క్లాపం చెరువులో టీస్పూను నూనె పోసి, అది అర ఎకరం దాకా పరుచుకుందని రాశాడు.

ఈ లెక్క ప్లాంటువాళ్లకు బాగా నచ్చిన లెక్క. రంగులు ఎంత కనిపించినా ఆయిల్ కొంచెమేనని చెప్పడానికి పనికొస్తుంది, అబద్ధం కూడా కాదు. కాకపోతే దాన్ని తిరగేసి ఎవరూ చెప్పరు. లీటరుంపావుకు ఎకరమైతే, ఆరు వందల లీటర్లకు దగ్గర దగ్గర ఐదు వందల ఎకరాలు.

మొదటి రోజే ఇంకో పని జరిగింది. తెల్లారేసరికి పెద్దవాళ్లు వస్తారని గచ్చు మీద డిటర్జెంట్ చల్లి, ఫైర్ హోస్‌తో కడిగేశారు. గచ్చు తళతళలాడింది. సబ్బు తగిలిన ఆయిల్ సన్నటి బిందువులుగా చీలి నీళ్లలో కలిసిపోతుంది. ఇక అది పైన తేలదు గనక, కట్ట అడుగున పైపులోంచి దర్జాగా వెళ్లిపోతుంది. కంటికి కనపడదు, చేపల మొప్పల్లోకి మాత్రం పోతుంది. ఇంజనీరు దాచలేదు. “కడగడం మాకు అలవాటైపోయింది సార్. ఏది ఒలికినా హోస్ పడతాం. వద్దని చెప్పాల్సిన మొదటి మాట అదే, చివర్న చెప్పాం” అన్నాడు.

వాగులో ఇంకొంచెం దిగువన, తేలే ఆయిల్‌ను ఆపే నారింజ రంగు బూమ్ కట్టారు, అడ్డంగా కాదు, వాలుగా. నీళ్లు సెకనుకు 35 సెంటీమీటర్ల వేగం దాటితే, ఎదురుగా కట్టిన బూమ్ కింద నుంచి ఆయిల్ జారిపోతుంది. వాలుగా కడితే ఒడ్డు వైపు తోసుకుంటూ వస్తుంది, అక్కడ ఎత్తొచ్చు. వేగం కొలిచే సాధనమేదీ లేదు. ఒక కుర్రాడు నీళ్లలో ఎండుటాకు వేసి, పది మీటర్ల అవతల పాతిన కర్ర దాకా సెల్‌ఫోన్‌లో సెకన్లు చూస్తున్నాడు. ముప్పై కంటే తక్కువ వస్తే కేక వేస్తాడు, తాడు పట్టుకున్నవాళ్లు బూమ్‌ను ఇంకాస్త వాలుస్తారు. ఆ ఆకు పరీక్షను నేను చాలాసేపు చూశాను. కుర్రాడు ఏ ఆకు పడితే ఆ ఆకు వేయడు. గాలికి తిరిగే మోదుగాకు పక్కన పడేసి, నీటికి అంటుకుపోయే చిన్నాకులే ఏరుకుంటున్నాడు.

ఒడ్డున నలుగురు ఆడవాళ్లు ఆయిల్ ఎత్తుతున్నారు. గ్లోవ్స్ మగవాళ్ల సైజువి కావడంతో జారకుండా మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నారు. నీళ్లను వదిలి ఆయిల్‌నే పీల్చే తెల్లటి పాలీప్రొపిలిన్ షీట్లు స్టోర్‌లో ఉన్నవి మొదటి పూటకే అయిపోయాయట. కొత్తవి వచ్చేలోపు వరిగడ్డి వేశారు. గడ్డి ఆయిల్‌తో పాటు నీళ్లూ తాగి, బరువెక్కి మునిగింది. అప్పుడు వీళ్లలో ఒకామె ఇంట్లో పాత దిండు విప్పి బూరుగు దూది తెచ్చింది. బూరుగు పోగుకు పుట్టుకతోనే మైనపు పూత ఉంటుంది, లోపలంతా బోలు. నీటిని అంటనివ్వదు, ఆయిల్‌ను తన బరువుకు ఎన్నో రెట్లు పీలుస్తుంది. ఆమెకు ఈ సంగతి తెలిసి తేలేదు. వానకు తడిసినా బూరుగు దిండు తొందరగా నీళ్లు పట్టదు కదా అని తెచ్చానంది. చిరిగిన దోమతెర ముక్కలో దూది మూటకట్టి తాడుతో నీళ్ల మీద ఈడ్చారు, పనిచేసింది.

“దిండుకు డబ్బులిచ్చారా అక్కా?”

“ఇస్తమన్నరు. కూలే ఇంకా ఇయ్యలే, దిండు పైసలు ఎప్పుడొస్తయో!” అని పక్కామె వైపు చూసి నవ్వింది.

ఎత్తిన సరుకంతా రేకుల షెడ్డులో బస్తాల్లో ఉంది. తడి గడ్డి, ఇసుక, షీట్లు, దూది, నరికిన తుమ్మకొమ్మలు, గట్టు మీద గీకిన మట్టి. మూడు డ్రమ్ముల ఆయిల్ షెడ్డు నిండా చెత్తయింది. వాగులోంచి తీస్తే పని అయిపోయిందనుకుంటాం గానీ, అసలు బరువు అప్పుడే మొదలవుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద ఇది మామూలు చెత్త కాదు. ఊరి బయట పారబోయడానికీ, తగలబెట్టడానికీ వీల్లేదు. తొంభై రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు. మ్యానిఫెస్ట్ కాగితాలు రాసి, దుండిగల్‌లోని వ్యర్థాల శుద్ధి కేంద్రానికి లారీలో పంపాలి. విడిగా తోడిన ఆయిల్ వేరే, అది లైసెన్సు ఉన్న రీసైక్లర్‌కు పోతుంది. లారీ కిరాయి, శుద్ధి కేంద్రం రుసుము కలిపితే ఒలికిన ఆయిల్ ఖరీదును దాటిపోతుందని స్టోర్స్ గుమస్తా గొణిగాడు.

ఇంతా చేస్తే దీన్ని ‘చిన్నది’ అనాలి. సముద్రంలో ఒలికే చమురుకు మన దేశంలో 1996 నుంచి జాతీయ ప్రణాళిక ఉంది, కోస్ట్ గార్డ్ చూస్తుంది. అందులో 700 టన్నుల వరకూ మొదటి అంచె కిందే లెక్క. ఇక్కడ ఒలికింది అర టన్ను. పైగా ఇది వాగు, కోస్ట్ గార్డ్ రాదు. కాలుష్య నియంత్రణ మండలివాళ్లు వచ్చి శాంపిళ్లు తీసుకెళ్లారు. పెద్దదంటే రష్యాలోని నోరిల్స్క్‌లో 2020 మే 29న జరిగింది: ఒక థర్మల్ ప్లాంటు డీజిల్ ట్యాంకు కూలి ఇరవై వేల టన్నులకు పైగా పారితే, అంబర్నయా నది ఎర్రగా కనిపించింది. అమెరికాలోని ఇండియన్ పాయింట్ అణు విద్యుత్ కేంద్రంలో 2015 మే 9న ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. ఆర్పడానికి కొట్టిన నీళ్లు, నురగ కింద గుంటను నింపి పొర్లడంతో ఆయిల్ హడ్సన్ నదిలోకి పోయింది. ఎక్కడో జరిగిన ఆ కథ ఇక్కడి గచ్చు మూల గుంట ముందు నిలబడితే కొత్తగా ఏమీ అనిపించదు. ఆయిల్ కోసం తవ్విన గుంట, నీళ్లతో నిండిపోయింది.

వాగు అవతలి ఒడ్డున గేదెలు తోలుకొచ్చిన పెద్దాయన ఇంజనీరును చూసి అరిచినట్టుగానే అడిగాడు: “తాపొచ్చా, వద్దా? ఒక్క ముక్క చెప్పుండ్రి.” రిపోర్టు రావాలన్నాడు ఇంజనీరు. రిపోర్టు వచ్చేదాకా గేదెలు నోరు కట్టుకుంటాయా అని ఆయన. ట్యాంకర్‌తో నీళ్లు పంపుతామన్నారు, పంపుతున్నారు కూడా, కానీ అది ఊళ్లోకి వస్తుంది. గేదెలుండేది ఇక్కడ.

తిరిగి వచ్చేముందు డ్రెయిన్ల డ్రాయింగ్ మరోసారి చూశాను. మేస్త్రీ చెబుతుంటే ఇంజనీరు ఎర్ర పెన్సిల్‌తో ఉల్టా పారే కాలువ గీశాడు, కల్వర్టు గీశాడు, బస్తాల కట్ట దగ్గర గుర్తు పెట్టాడు. ఇంకో రెండు చోట్ల డ్రాయింగ్‌లో అసలే లేని తూములు కూడా బయటపడ్డాయి. అది సరికొత్త డ్రాయింగ్‌గా మారాలంటే పై ఆఫీసు సంతకం కావాలి. ఈలోగా పూడిక పనికి మళ్లీ టెండరు పిలిచారు. ఈ కాంట్రాక్టరుకే వస్తుందో రాదో, కొత్త కాంట్రాక్టరు ఈ మేస్త్రీని పెట్టుకుంటాడో లేదో తెలియదు. ఆయననే అడిగాను.

“పిలిస్తే వస్త. కంట్రోల్ రూమ్ల గోడ మీద నా ఫోన్ నంబరు రాయించిన. సున్నమేసేటప్పుడు చెరపకుంటే చాలు.”